పది నిమిషాల పాస్‌కు వర్చువల్ సర్వర్ ఎంతవరకు ఆసరా?

నేలకు 500 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహం విశాఖ ఆకాశంలో ఒక దిక్కున పొడిచి మరో దిక్కున దిగిపోవడానికి పది పన్నెండు నిమిషాలకు మించి పట్టదు. అది నడినెత్తి మీదుగా వెళ్లినప్పటి లెక్క. ఓ పక్కగా, సింహాచలం కొండలకు కాస్త పైనుంచి జారిపోతే నాలుగైదు నిమిషాలే. మిషన్ నడిపేవాళ్లు దీన్ని ‘పాస్’ అంటారు. ఆ ఉపగ్రహం రోజుకు పదిహేను సార్లు భూమిని చుట్టినా, ఒక చోట పాతిన యాంటెన్నాకు దొరికే పాస్‌లు నాలుగైదు. ఇరవై నాలుగు గంటల్లో అన్నీ కలిపినా గంట నిండదు.

ఆ గంట కోసం కొన్న సర్వర్లు మిగతా రోజంతా ఊరికే కరెంటు తాగుతూ ఉంటాయి. పోనీ అని ఆపేయడానికి లేదు. పాస్ మొదలయ్యే క్షణానికి ప్రతి ప్రోగ్రామూ సిద్ధంగా లేకపోతే, ఉపగ్రహం పంపిన ఆరోగ్య సమాచారం అందకుండానే, దానికి చెప్పాల్సిన ఆదేశం చెప్పకుండానే అది దిగంతం దాటిపోతుంది. మళ్లీ ఎదురుచూపు గంటన్నర కావచ్చు, పది గంటలు కావచ్చు. ఎక్కువసేపు ఖాళీ, కాసేపు మాత్రం ఊపిరాడని పని: ఒకే యంత్రంలో విడివిడిగా నడిచే వర్చువల్ సర్వర్ల అవసరం అంతరిక్ష మిషన్లకు ఇక్కడే పుట్టింది.

వర్చువల్ సర్వర్ల ప్రస్తావన ఎప్పుడొచ్చినా మాట ఖర్చు తగ్గుతుందన్న దగ్గరే ఆగిపోతుంది. ఉపగ్రహాల విషయంలో అది చిన్న లాభం. చేయాల్సిన పనికీ, ఆ పని నడిచే ఇనప పెట్టెకీ మధ్య ఉన్న ముడి విడిపోవడం పెద్ద లాభం. ఆ ముడిని ఎక్కడ విప్పవచ్చు, ఎక్కడ విప్పితే ప్రమాదం అన్నది తేల్చుకోవాలి. డేటా సెంటర్లకు చిరునామా కాబోతున్న విశాఖలో ఈ చర్చ ఇప్పుడే జరగడం మంచిది.

విశాఖ ఎంవీపీ కాలనీలో ఒకప్పుడు ఒక స్థలంలో ఒక ఇల్లు ఉండేది. ఇప్పుడు అదే స్థలంలో పది ఫ్లాట్లు. ఎవరి తలుపు వారిది, ఎవరి కరెంటు మీటరు వారిది. పునాది, బోరు, లిఫ్టు మాత్రం ఉమ్మడి. ఒక పెద్ద కంప్యూటర్‌లో పది వర్చువల్ సర్వర్లు ఉండటం అచ్చం అలాంటిదే. హైపర్‌వైజర్ అనే ప్రోగ్రామ్ ప్రాసెసర్ సమయాన్నీ, మెమరీనీ, డిస్కునూ వాటాలు వేసి పంచుతుంది. లోపల నడిచే ప్రతి సర్వరూ ఆ యంత్రమంతా తనదే అనుకుని పనిచేసుకుపోతుంది. ఒకదానిలో ప్రోగ్రామ్ కుప్పకూలితే పక్కదానికి తెలియను కూడా తెలియదు. అయితే వేసవిలో కింది ఫ్లాటువాళ్లు కొళాయిలన్నీ తిప్పితే పై అంతస్తులో ధార సన్నబడుతుంది కదా, ఇక్కడా అంతే. పక్క సర్వర్ బరువైన పని ఎత్తుకుంటే మన సర్వర్‌కు అందాల్సిన ప్రాసెసర్ సమయం కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యమవుతుంది. ఈ ఒక్క సంగతి మళ్లీ మళ్లీ అడ్డొస్తుంది.

ఆలోచన కొత్తది కాదు. ఐబీఎం ఇంజినీర్లు 1960ల్లోనే మెయిన్‌ఫ్రేమ్ మీద దీన్ని నడిపి చూశారు. 1972లో వీఎం/370 పేరుతో అమ్మకానికి పెట్టారు. మామూలు సర్వర్లకు ఇది దిగి రావడానికి మరో పాతికేళ్లు పట్టింది. వీఎంవేర్ సంస్థ 1998లో మొదలైంది. 2007లో లినక్స్ కెర్నెల్‌లోనే కేవీఎం అనే హైపర్‌వైజర్ చేరాక, డబ్బు పెట్టకుండానే కాలేజీ ల్యాబ్‌లో కూడా వర్చువల్ సర్వర్లు నడపడం సాధ్యమైంది.

అపార్ట్‌మెంట్ పోలికకు అందని గుణం ఒకటి ఉంది. వర్చువల్ సర్వర్ అంటే చివరికి కొన్ని ఫైళ్లే. ఆపరేటింగ్ సిస్టమ్, ప్రోగ్రామ్‌లు, సెట్టింగులు, ఆ క్షణాన మెమరీలో ఉన్నదంతా కలిపి ఉన్నదున్నట్టు భద్రం చేయవచ్చు. దీన్ని స్నాప్‌షాట్ అంటారు. ఆ స్నాప్‌షాట్‌ను వేరే ఊళ్లో, వేరే యంత్రం మీద తెరిస్తే ఆగిన చోటి నుంచి మళ్లీ నడుస్తుంది. మిషన్ గదుల్లో పనిచేసేవారికి ఈ గుణం వల్ల ఎక్కువగా కలిసొచ్చింది సిమ్యులేటర్ దగ్గర.

ఉపగ్రహం ఒకసారి పైకి వెళ్లాక దాని మీద ప్రయోగాలు చేయలేం. అందుకని దానికి నేల మీద ఒక ప్రతిరూపం ఉండాలి. సౌర ఫలకాలు, బ్యాటరీ, దిశ మార్చే చక్రాలు, ఇంధనం, వేడి, వీటన్నిటి ప్రవర్తననూ లెక్కల్లో కట్టి, వాటి మధ్యలో అసలు ఉపగ్రహంలో నడిచే ప్రోగ్రామ్‌నే నడిపిస్తారు. ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఉపగ్రహంలోని ప్రాసెసర్ మన సర్వర్లలోని ప్రాసెసర్ లాంటిది కాదు. ఐరోపా ఉపగ్రహాల్లో లియోన్ జాతి చిప్‌లు ఎక్కువ. ఇస్రో రాకెట్లలో 2009 నుంచి సొంతంగా చేసుకున్న విక్రమ్ 1601 వాడుతున్నారు. దాని తర్వాతి తరం, 32 బిట్ల విక్రమ్ 3201, 2025లో బయటికొచ్చింది. ఇలాంటి చిప్ కోసం రాసిన ప్రోగ్రామ్‌ను మామూలు సర్వర్ మీద నడపాలంటే, చిప్ ఆదేశాలను ఒక్కొక్కటిగా అనుకరించే ఎమ్యులేటర్ కావాలి. వర్చువల్ సర్వర్ యంత్రాన్ని పంచుతుంది, ఎమ్యులేటర్ లేని యంత్రాన్ని ఉన్నట్టు చూపిస్తుంది. మిషన్ సిమ్యులేటర్‌లో ఈ రెండూ ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి.

అలా ఒకసారి కూర్చాక ఒకటి కాదు, ఇరవై ఉపగ్రహాలను పక్కపక్కన నడపవచ్చు. ఒకదానిలో బ్యాటరీ పాడుచేసి చూడవచ్చు, మరొకదానిలో నక్షత్రాలను చూసి దిశ పోల్చుకునే కెమెరాను గుడ్డిది చేయవచ్చు. శిక్షణలో ఉన్న ఇంజినీరు తప్పు ఆదేశం పంపి ఉపగ్రహాన్ని పల్టీలు కొట్టిస్తే, తప్పుకు ఒక నిమిషం ముందు తీసిన స్నాప్‌షాట్‌కు వెళ్లి మళ్లీ అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు. అసలు పరికరాలతో కట్టిన నమూనా మీద ఇదే పని చేయాలంటే రోజులు పడుతుంది. పైగా అలాంటి నమూనా సాధారణంగా ఒకటే ఉంటుంది, దాని కోసం అన్ని జట్లూ వరసలో నిలబడాలి.

సరైన రిహార్సల్ లేకపోతే ఏం జరుగుతుందో 1996 జూన్ 4న, ఐరోపా రాకెట్లు లేచే కూరూలో, లోకమంతా చూసింది. తొలిసారి ఎగిరిన ఏరియన్ 5 రాకెట్ నలభై సెకన్లలోపే అదుపు తప్పి పేలిపోయింది. దిశ, వేగం లెక్కించే పరికరంలో ఏరియన్ 4 కోసం రాసిన ప్రోగ్రామ్‌నే వాడారు. కొత్త రాకెట్ అడ్డంగా అంతకంటే వేగంగా కదిలింది. 64 బిట్ల సంఖ్యను 16 బిట్లలో కుక్కబోయి ఆ పరికరం ఆగిపోయింది. ఏరియన్ 5 నిజంగా వెళ్లే దారిని సిమ్యులేషన్‌లో పెట్టి ఆ పరికరాన్ని ముందే పరీక్షించి ఉంటే తప్పు నేల మీదే దొరికేదని విచారణ తేల్చింది. అక్కడే మరో పాఠం ఉంది. ఆ పరికరాలు రెండు. ఒకటి ఆగితే రెండోది అందుకోవాలి. రెండింటిలోనూ ఒకే ప్రోగ్రామ్ ఉండటంతో, ఒకే కారణంతో, 72 మిల్లీసెకన్ల తేడాలో రెండూ ఆగాయి. ఒక్క మీట నొక్కి సర్వర్ నకలు తీసుకోగల కాలంలో ఈ సంగతి ఇంకా ఎక్కువగా గుర్తుండాలి. నకలు తీసినప్పుడు లోపం కూడా నకలులోకి వస్తుంది.

ముడి విప్పడం వల్ల తీరే ఇంకో బాధ వయసు. మంగళయాన్‌ను ఆరు నెలల పనికని 2014 సెప్టెంబరు 24న అంగారక కక్ష్యలో పెట్టారు. అది దాదాపు ఎనిమిదేళ్లు బతికింది. చంద్రయాన్-2 ఆర్బిటర్‌కు మొదట అనుకున్నది ఏడాది. నాలుగేళ్ల తర్వాత, 2023 ఆగస్టులో, చంద్రయాన్-3 ల్యాండర్‌తో మాట కలిపిందీ అదే. అంతరిక్ష నౌక అనుకున్నదానికంటే ఎక్కువ కాలం బతకడం ఎంతో సంతోషం. నేల మీది సర్వర్లకు మాత్రం అయిదారేళ్లకే విడిభాగాలు దొరకవు, ఆపరేటింగ్ సిస్టమ్‌కు మద్దతు ఆగిపోతుంది. కొత్త యంత్రం కొంటే పాత ప్రోగ్రామ్ దాని మీద నడవదు. నడిచేలా తిరగరాస్తే, పైన క్షేమంగా తిరుగుతున్న నౌకను కొత్త తప్పులకు అప్పగించినట్టే.

ఐరోపా వారి మార్స్ ఎక్స్‌ప్రెస్ 2003లో బయల్దేరింది. అందులో నీటి జాడలు వెతికే మార్సిస్ రాడార్ ప్రోగ్రామ్‌ను విండోస్ 98 నడిచే కంప్యూటర్ల మీద తయారుచేశారు. 2022లో ఆ ప్రోగ్రామ్‌కు కొత్త రూపం ఇచ్చినప్పుడు ఇరవై ఏళ్ల నాటి పునాది మీదే పని చేయాల్సి వచ్చింది. ఇలాంటి అవసరాలకు వర్చువల్ సర్వర్ కంటే మంచి పెట్టె లేదు. పాత ఆపరేటింగ్ సిస్టమ్, పాత కంపైలర్, పాత లైబ్రరీలు, అన్నీ ప్రయోగం నాడు ఉన్నట్టే సీలు వేసి దాచుకోవచ్చు. కింద ఇనుము ఎన్నిసార్లు మారినా లోపలిది మారదు. కాకపోతే పాత ఆపరేటింగ్ సిస్టమ్‌లో పాత భద్రతా లోపాలూ ఉంటాయి కాబట్టి, ఆ పెట్టెను బయటి నెట్‌వర్క్‌కు తగలనివ్వకూడదు.

ఇక విప్పకూడని చోట్లు. మొట్టమొదటిది గడియారం.

భూమికి దగ్గరి కక్ష్యలో ఉపగ్రహం సెకనుకు సుమారు ఏడున్నర కిలోమీటర్లు పోతుంది. కాలంలో ఒక్క మిల్లీసెకను తప్పితే, అది ఉన్న చోటు ఏడున్నర మీటర్లు తప్పినట్టు. దూరం కొలిచేటప్పుడు లెక్క ఇంకా కఠినం. నేల నుంచి పంపిన సంకేతం ఉపగ్రహాన్ని తాకి తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి దూరం కడతారు. కాంతి మిల్లీసెకనులో 300 కిలోమీటర్లు పోతుంది. రానూపోనూ కాబట్టి, ఒక మిల్లీసెకను పొరపాటు పడితే దూరంలో 150 కిలోమీటర్ల పొరపాటు. పొరుగు సర్వర్ బరువెత్తినప్పుడల్లా కొన్ని మిల్లీసెకన్లు తడబడే చోట ఈ కొలత పెడితే అసలుకే ఎసరు. అందుకే యాంటెన్నా పక్కనే, అణు గడియారానికి కట్టిన ప్రత్యేక పరికరంలో ఆ కొలత తీసి, కాలపు ముద్ర కొట్టి, ఆ తర్వాతే వర్చువల్ సర్వర్ల వైపు పంపాలి. ముద్ర పడ్డాక ఆ సమాచారం అర సెకను ఆలస్యంగా చేరినా నష్టం లేదు. చంద్రుడి నుంచి మాట రావడానికే సెకనుంపావు పైన, అంగారకుడి నుంచి మూడు నుంచి ఇరవై రెండు నిమిషాలు పడుతుంది. అక్కడ హైపర్‌వైజర్ తడబాటు లెక్కలోకే రాదు.

వర్చువల్ సర్వర్‌లోని గడియారం కూడా నమ్మదగ్గది కాదు. సర్వర్‌ను కాసేపు ఆపి మళ్లీ లేపితే, తాను నిద్రపోయిన సంగతి దానికి తెలియదు. నడుస్తున్న సర్వర్‌ను ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి జరిపేటప్పుడూ చిన్న విరామం తప్పదు. ఆఫీసు పనులకు ఇది పట్టించుకోనక్కర్లేని విషయం. పాస్ మధ్యలో అలాంటి జరుపుడు తనంతట తాను మొదలైతే ఆ పాస్ పోయినట్టే. అందుకని పాస్ సమయాల్లో ఏ సర్వరూ కదలకుండా తాళం వేయడం, మిషన్ సర్వర్లకు ప్రాసెసర్ వాటా ఎవరూ ముట్టుకోకుండా విడిగా కేటాయించడం నియమంగా ఉండాలి.

రాకెట్ పైకి లేచే నిమిషాల్లో శ్రీహరికోటలో నడిచే భద్రతా వ్యవస్థ మరో కోవకు చెందినది. దారి తప్పిన రాకెట్‌ను గాల్లోనే కూల్చాలా అని సెకన్లలో తేల్చాల్సిన చోట పంపకాలు, పొరుగువాళ్లు ఉండకూడదు. ఆ పనికి సొంత యంత్రాలే కావాలి, అవి ప్రయోగ కేంద్రంలోనే ఉండాలి. ఆదేశాలు పంపే దారి కూడా అంతే. ఉపగ్రహం నుంచి వచ్చే చిత్రాలను లోకమంతా చూడవచ్చు గాని, దానికి వెళ్లే మాట ఒక్కచోటి నుంచే, కాపలా మధ్య వెళ్లాలి. ఈ రెండు ప్రవాహాలను ఒకే క్లౌడ్‌లో, అంటే ఒకే వర్చువల్ సర్వర్ల గుంపులో, కలపడం తెలివైన పొదుపు కాదు.

అమెరికాలో ఈ విభజన ఎలా జరిగిందో చూస్తే విషయం తేలికవుతుంది. నాసాకు చెందిన జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ 2010లో మార్స్ రోవర్ల రోజువారీ ప్రణాళిక పనిని క్లౌడ్‌లోకి తెచ్చింది. అదే ఏడాది నాసా, ర్యాక్‌స్పేస్ కలిసి ఓపెన్‌స్టాక్‌ను బయటపెట్టాయి. సొంత భవనంలోనే క్లౌడ్ కట్టుకోవడానికి నేటికీ వాడే సాఫ్ట్‌వేర్ ఇది. 2012 ఆగస్టులో క్యూరియాసిటీ దిగిన రాత్రి ఎగబడి చూసిన జనానికి చిత్రాలు అందించింది అమెజాన్ వర్చువల్ సర్వర్లే. నౌకను దింపిన ఆదేశాలు మాత్రం వాటి గుండా పోలేదు. 2018లో అమెజాన్ యాంటెన్నాలను కూడా నిమిషాల లెక్కన అద్దెకివ్వడం మొదలుపెట్టింది. పాస్ ఉన్నంతసేపే యాంటెన్నా, పాస్ ఉన్నంతసేపే సర్వర్. ఒకటో రెండో చిన్న ఉపగ్రహాలున్న సంస్థకు ఇది నిజమైన మేలు.

ఇక 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్. ఇస్రో, నాసా కలిసి చేసిన ఈ రాడార్ ఉపగ్రహం వల్ల రోజుకు సుమారు 80 టెరాబైట్ల సమాచారం తయారవుతుందని అంచనా. ఇంతటి సమాచారాన్ని ఎవరికి వారు దించుకుని చూడటం కుదరదు. సమాచారం ఉన్న చోటికే లెక్క కట్టే సర్వర్ వెళ్లాలి.

విశాఖ ప్రసక్తి ఇక్కడ వస్తుంది. 2025 అక్టోబరులో గూగుల్ ఇక్కడ ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లతో ఏఐ కేంద్రం కడతామని ప్రకటించింది. సముద్రగర్భ కేబుళ్లు ఈ ఒడ్డుకు చేరే ప్రణాళికలు ఉన్నాయి. రాష్ట్రానికి దక్షిణపు కొసన రాకెట్లు లేస్తాయి, ఉత్తరపు కొసన సర్వర్లు కొలువుతీరబోతున్నాయి. ఊళ్లో మాత్రం చర్చంతా ఎన్ని ఎకరాలు, ఎన్ని మెగావాట్లు అన్న దగ్గరే తిరుగుతోంది. ఇల్లు అలకగానే పండుగ కాదు. ఆ సర్వర్ల మీద ఏ పని నడవాలన్నది మనం అడగాల్సిన ప్రశ్న. ప్రయోగం శ్రీహరికోటది, భూమికి దగ్గరి కక్ష్యల్లోని ఉపగ్రహాల నిర్వహణ బెంగళూరులోని ఇస్రో కేంద్రం ఇస్ట్రాక్‌ది. అవి అక్కడే ఉండటం న్యాయం. సిమ్యులేటర్లు, పాస్ ప్రణాళిక, సమాచార శుద్ధి, చిన్న ఉపగ్రహ సంస్థల నేల పనులు విశాఖకు రావడానికి మాత్రం సాంకేతికంగా ఏ అడ్డూ లేదు.

ఫిషింగ్ హార్బర్‌లో దీనికి ఇప్పటికే ఒక ఉదాహరణ ఉంది. సముద్రం ఉపరితలం వేడినీ, నీటి రంగునూ ఉపగ్రహాలు చూస్తాయి. ఆ సమాచారంతో హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ చేపలు ఎక్కువగా దొరికే తావులను అంచనా వేసి మత్స్యకారులకు చెబుతుంది. చేపల గుంపు ఒకచోట నిలవదు. సూచన రేపటికి చేరితే డీజిల్ వృథా. పని ఒత్తిడి కూడా ఏడాదంతా ఒకేలా ఉండదు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. మరోపక్క బంగాళాఖాతంలో వాయుగుండం పడిందంటే గాలుల కొలతలు, మేఘాల చిత్రాలు, ఉప్పెన లెక్కలు ఒకేసారి మీదపడతాయి. అలాంటి వారంలో సర్వర్లు పది రెట్లు పెరిగి, ఆ తర్వాత తగ్గగలగాలి. సొంత ఇనుముతో ఇది సాధ్యం కాదు, వర్చువల్ సర్వర్లకు ఇది పుట్టుకతో వచ్చిన విద్య.

విద్యార్థుల దగ్గరికి వస్తే, ఖర్చు సాకు చెల్లదు. చిన్న ఉపగ్రహాల కోసం నాసా తయారుచేసిన ఎన్‌ఓఎస్3 సిమ్యులేటర్ ఉచితం, దాన్ని వర్చువల్ మెషిన్‌గా ల్యాప్‌టాప్‌లోనే నడుపుకోవచ్చు. అంగారకుడి మీద ఎగిరిన ఇంజెన్యుటీ హెలికాప్టర్‌ను నడిపిన ఎఫ్ ప్రైమ్ సాఫ్ట్‌వేర్ కూడా ఉచితంగా దొరుకుతుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనో, మధురవాడ వైపు ఏ ఇంజినీరింగ్ కాలేజీలోనో నలుగురు విద్యార్థులు కలిసి ఒక సెమిస్టర్‌లో ఉపగ్రహాన్ని నడిపి, పాడుచేసి, బాగుచేయవచ్చు. డేటా సెంటర్ భవనం లేచేలోపు ఈ చదువు మొదలుకాకపోతే, లోపల పనికి బయటివాళ్లే వస్తారు.

అన్నిటికంటే పెద్ద హెచ్చరిక ఈ ఊరికి ఎవరూ చెప్పక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను గంటకు 180 కిలోమీటర్లకు అటూఇటూగా గాలులతో విశాఖ దగ్గర తీరం దాటింది. కైలాసగిరి మీది డాప్లర్ వాతావరణ రాడార్ దెబ్బతింది. సెల్‌ఫోన్లు మూగబోయాయి, కరెంటు రోజుల తరబడి రాలేదు. ఒకే గదిలో పది నకళ్లు ఉన్నా, ఒకే ఊళ్లో మూడు భవనాలున్నా, ఆ రోజున అవన్నీ ఒక్కటే. విశాఖ చుట్టుపక్కలే ఉన్న తర్లువాడలో అసలు పెట్టి రాంబిల్లిలో నకలు పెడితే, కాగితం మీద రెండు చోట్లు. తుఫానుకు మాత్రం ఒకటే చోటు.

తుఫాను దాకా కూడా అక్కర్లేదు. 2023 జూలై 25న హ్యూస్టన్‌లోని నాసా మిషన్ కంట్రోల్ భవనంలో మరమ్మతుల మధ్య కరెంటు పోయి, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంతో మాటలు, సమాచారం, ఆదేశాలు తెగిపోయాయి. రష్యా సంబంధాల ద్వారా వ్యోమగాములకు కబురు పంపారు. గంటన్నరలోపు ప్రత్యామ్నాయ వ్యవస్థ అందుకుంది. అది ముందే వేరుగా ఉంది కాబట్టి అందుకోగలిగింది. మన దేశంలోనూ భూస్థిర ఉపగ్రహాలకు 1982 నుంచి హాసన్‌లో ఉన్న కేంద్రానికి తోడుగా 2005లో భోపాల్‌లో మరొకటి పెట్టారు. రెండింటి మధ్య వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం.

విశాఖలో మిషన్ పనులు చేపట్టే ఏ సంస్థ అయినా రెండో నకలును తీరానికి దూరంగా, హైదరాబాద్‌లోనో అనంతపురం వైపో, వేరే విద్యుత్ మార్గం మీద, వేరే కేబుల్ దారిలో పెట్టాలి. పెట్టి ఊరుకుంటే చాలదు. ఏళ్లతరబడి తెరవని నకలు తెరుచుకుంటుందన్న పూచీ లేదు. ఏటా సెప్టెంబరులో, తుఫానుల నెలలు ముందున్నాయనగా, ఒక రాత్రి పాస్‌కు అరగంట ముందు విశాఖ వైపు లైన్లన్నీ తీసేయాలి. రెండో చోట స్నాప్‌షాట్లు తెరిచి, గడియారాలు సరిచూసి, ఉపగ్రహం ఉదయించే వేళకు ఆ పది నిమిషాల పాస్‌ను అక్కడి నుంచి నడిపి చూడాలి.